కింద దుకాణాలు, పైన ఇళ్లు: మధ్యలో నడకదారి, పచ్చని చోటు కుదిరేలా వేయడం ఎలా

"పది శాతం స్థలం పచ్చదనానికి వదిలాం. గడ్డి పరిచాం, బెంచీలు వేశాం. అయినా సాయంత్రం అక్కడ కుక్కలు తప్ప ఎవరూ కనిపించరు. తప్పు ఎక్కడుంది?" బిల్డర్లు, ఫ్లాట్ల అసోసియేషన్ల వాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇలాంటివే.

తప్పు సాధారణంగా గడ్డిలో ఉండదు, బెంచీలోనూ ఉండదు. ప్లాన్‌లో ఆ చోటును ఎప్పుడు గీశారో చూడండి. భవనం, సెల్లార్, ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ అన్నీ సర్దుకున్నాక మిగిలిన మూలకు ఆకుపచ్చ రంగు పూస్తే అది మిగిలిన మూలగానే బతుకుతుంది. నడకదారి మొదట, నీడ తర్వాత, మట్టి ఆ తర్వాత, చివరికి భవనం. ఈ మార్గదర్శి అంతా ఈ వరుసలోనే నడుస్తుంది.

లెక్కలు గాలిలో వేలాడకుండా ఒక నమూనా సైటు అనుకుందాం. హైదరాబాద్‌లో ఎకరంన్నర స్థలం, అంటే సుమారు 6,070 చదరపు మీటర్లు. పడమర ముఖం 67 మీటర్లు, లోతు 90 మీటర్లు. పడమర 24 మీటర్ల పెద్ద రోడ్డు, దక్షిణాన 12 మీటర్ల చిన్న రోడ్డు, తూర్పున పాత కాలనీ గోడ, ఉత్తరాన పక్కవాళ్ల భవనం. పెద్ద రోడ్డు మీద ఉత్తరం వైపు బస్టాపు ఉంది, కాలనీలో బడి ఉంది. కింద దుకాణాలు, వాటిపైన ఆఫీసులు, ఉత్తరం వైపు ఫ్లాట్లు రావాలి.

## 1. కాగితం ముట్టుకోకముందు: మూడు పూటల లెక్క

ఒక పనిదినం, ఒక ఆదివారం సైటు దగ్గర నిలబడండి. పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 2 నుంచి 3, సాయంత్రం 6 నుంచి 8. గంటకు ఒక పావుగంట లెక్క రాస్తే చాలు. మనిషిని పంపకండి, మీరే వెళ్లండి. అంకె మరొకరు తెచ్చి ఇవ్వవచ్చు, కానీ జనం ఏ గుంతను తప్పించుకోవడానికి రోడ్డు మీదికి దిగుతున్నారో అంకెలో కనిపించదు.

రాసుకోవలసినవి:

- ఎటు నుంచి ఎటు నడుస్తున్నారు, ఎక్కడ అడ్డంగా దాటుతున్నారు
- వృద్ధులు, పిల్లలు, సామాను మోసేవాళ్లు, తోపుడు బండ్లు ఎన్ని
- ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయి
- బండ్లవాళ్లు ఎక్కడ నిలబడుతున్నారు, ఏ వేళకు వస్తున్నారు
- మధ్యాహ్నం జనం ఏ నీడన ఆగుతున్నారు
- వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి (పక్క దుకాణదారుని అడిగితే సెంటీమీటర్లలో చెబుతాడు)

స్థలం ఖాళీగా ఉంటే ఇంకో అదృష్టం: జనం తొక్కి తొక్కి వేసిన కాలిదారి నేల మీదే కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి సర్వే మ్యాపు మీద గీయండి. మన నమూనా సైటులో ఆ గీత బస్టాపు ఉన్న వాయవ్యం నుంచి బడి ఉన్న ఆగ్నేయానికి ఏటవాలుగా పోతుంది. రోడ్ల వెంట చుట్టి వస్తే 157 మీటర్లు, అడ్డంగా కోస్తే సుమారు 112. ఆ 45 మీటర్ల తేడా కోసం జనం ఎంత ముళ్లకంపనైనా దాటుతారు.

## 2. ఈ చోటు ఎవరిదో ముందే రాసుకోండి

పబ్లిక్ అని బోర్డు పెట్టి, వాచ్‌మన్ చేత "ఎవరు కావాలి?" అని అడిగించే చోటు పబ్లిక్ కాదు. ఈ విషయం డిజైన్ తర్వాత తేల్చుకుందామంటే ఎప్పటికీ తేలదు.

ఫ్లాట్లు కొన్నవాళ్లకు భూమిలో అవిభాజ్య వాటా ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత వాళ్ల అసోసియేషన్ సమావేశమై, బయటివాళ్లు వస్తున్నారని గేటుకు తాళం వేస్తే మీ నడకదారి ఆ రోజుతో సరి. కాబట్టి అమ్మకం ఒప్పందంలోనే ఏ భాగం అందరికీ తెరిచి ఉంటుందో, ఏ వేళల్లోనో, శుభ్రం చేసే ఖర్చు దుకాణాలు ఎంత, ఇళ్లు ఎంత భరించాలో రాయండి. రెరాకు, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థకు, ఇచ్చే ప్లాన్‌లో దాన్ని ఉమ్మడి స్థలంగా చూపించండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ప్లాన్‌ను, ఉమ్మడి స్థలాలను తర్వాత మార్చాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అది మీకూ కళ్లెమే, రేపటి అసోసియేషన్‌కూ కళ్లెమే.

ఇళ్లవాళ్ల భయం కూడా న్యాయమైనదే. పిల్లల ఆటస్థలం, ఇంటి లిఫ్టు, మెట్లు వాళ్లకే ఉండాలి. గేటును స్థలం సరిహద్దు నుంచి తీసి లిఫ్టు లాబీ దగ్గర పెట్టండి. తాళం పడాల్సింది అక్కడ.

## 3. నడక గీత గీసి, దాని చుట్టూ మిగతావి సర్దండి

కాలిదారిని ప్లాన్ మీద 4 మీటర్ల వెడల్పు పట్టీగా గీయండి. ఇకపై అది కదలదు. ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మర్, చెత్త గది, గ్యాస్ సిలిండర్ల గది అన్నీ దాన్ని తప్పించుకుని సర్దుకోవాలి.

నమూనా సైటులో పెద్ద రోడ్డు వైపు దుకాణాల భవనం ఉంటుంది కాబట్టి, దాని ఉత్తర భాగంలో కింది అంతస్తును తొలిచి ఒక తోవ వదలాలి. వెడల్పు 6 మీటర్లకు, ఎత్తు 5 మీటర్లకు తగ్గకుండా చూడండి. ఈ అంకెలు ఊరికే చెప్పలేదు. ఫైరింజను పోవడానికీ దాదాపు ఇంతే కావాలి, కాబట్టి ఒకే తోవ రెండు పనులు చేస్తుంది. పైగా బస్టాపు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ తోవలోంచి అవతలి చెట్టు కనిపించాలి. చెట్టు కనిపిస్తే జనం లోపలికి వస్తారు, గోడ కనిపిస్తే రారు.

తోవ లోపల రెండు వైపులా దుకాణాల తలుపులు తెరవండి, కనీసం ఒక వైపైనా. షట్టర్లు వీధి వైపు మాత్రమే పెడితే లోపలి చోటు వెనుక సందు అవుతుంది. వెనుక సందులో ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు.

## 4. నీడ లెక్క: యార్డు ఎటువైపు?

యార్డు అంటే భవనాల మధ్య అందరూ కూర్చునే పచ్చని ఖాళీ చోటు. అది ఎటువైపు ఉండాలన్నది ఎక్కువమంది వదిలేసే అడుగు. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఏ భవనమూ నీడ ఇవ్వదు, చెట్టే ఇవ్వాలి. పొద్దు వాలే కొద్దీ భవనం నీడ తూర్పుకు సాగుతుంది. మే నడుమ 20 మీటర్ల ఎత్తు భవనం నీడ సుమారుగా:

- 3 గంటలకు 17 మీటర్లు
- 4 గంటలకు 27 మీటర్లు
- 5 గంటలకు 50 మీటర్లకు కొంచెం తక్కువ

అంటే యార్డును పొడవైన భవనానికి తూర్పున పెడితే ఎండాకాలంలో కూడా 4 గంటలకల్లా నేల నీడలో పడుతుంది. 6 గంటలకు జనం వచ్చేసరికి బండలు కొంత చల్లారి ఉంటాయి. అదే యార్డును పెద్ద రోడ్డు వైపు, భవనానికి పడమర పెడితే? రోడ్డు మీద నుంచి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. బ్రోచర్‌లో బొమ్మ కూడా బాగుంటుంది. కానీ పొద్దు గుంకే దాకా పడమటి ఎండ నేరుగా తగిలి, 7 గంటలకు కూడా బండ మీద చెయ్యి పెట్టలేరు.

డిసెంబరులో సంగతి వేరు. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 20 మీటర్ల భవనం ఉత్తరానికి 17 మీటర్ల నీడ వేస్తుంది. కాబట్టి యార్డుకు దక్షిణాన పొడవైన భవనం పెట్టకండి. చలికాలం ఎండ కాచుకునేందుకు వచ్చే పెద్దవాళ్లకు ఆ ఎండే కావాలి.

నమూనా సైటుకు తీర్పు ఇదీ: పడమర దుకాణాలు-ఆఫీసులు, ఉత్తరాన ఫ్లాట్లు, మధ్య నుంచి ఆగ్నేయం దాకా యార్డు, దక్షిణం తెరుపు. నడక గీత యార్డు అంచు వెంట పోవాలి. నట్టనడుమ కోస్తే కూర్చునే చోటు రెండు ముక్కలవుతుంది.

ఎత్తైన భవనాలున్న స్థలంలో, సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు) కాక, నేల మీద ఆకాశం కనిపించేలా 10 శాతం ఖాళీ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. దాని ప్రకారం మనకు 607 చదరపు మీటర్లు వస్తుంది. వాటిని నాలుగు చోట్ల 3 మీటర్ల పట్టీలుగా పంచితే కాగితం మీద లెక్క సరిపోతుంది, నేల మీద ఏమీ మిగలదు. అంతా ఒకే చోట పెట్టండి. నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే నాటి రూపం చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నియమాలు వేరుగా ఉన్నాయి.

## 5. రోడ్డు పక్క కాలిబాట: మూడు పట్టీలు

కాలిబాటను ఒకే ముక్కగా చూడకండి.

దుకాణం గోడకు ఆనుకుని అర మీటరు నుంచి మీటరు వరకు ఒక పట్టీ. అద్దంలో వస్తువులు చూసేవాళ్లు, చెప్పులు విప్పేవాళ్లు, మెట్టు దిగేవాళ్లు అక్కడ ఉంటారు. మధ్యలో నడిచే పట్టీ. రోడ్డు అంచున చెట్లు, స్తంభాలు, బోర్డులు, బండ్ల పట్టీ.

నడిచే పట్టీలో ఏదీ ఉండకూడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాల్లో దీనికి కనీస వెడల్పు 1.8 మీటర్లు, కనీస ఎత్తు 2.2 మీటర్లు. దుకాణాల ముందు 2.5 మీటర్లకు తగ్గకండి. అంచు రాయి ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన నగరాల్లో మోకాలి దాకా లేచిన అంచులు చూస్తుంటాం. స్కూటర్లు ఎక్కకుండా అలా కట్టామంటారు. స్కూటర్లు ఎలాగూ ఎక్కుతున్నాయి, ఎక్కలేకపోతున్నది ముసలివాళ్లే. కార్లను ఆపాలంటే చివర్లలో బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) పెట్టండి, వాటి మధ్య 1.2 మీటర్ల సందు వదలండి. చక్రాల కుర్చీ పోతుంది, కారు పోదు. స్కూటర్ మాత్రం పోతుందన్నది నిజమే, దానికి బొల్లార్డు మందు కాదు. పార్కింగ్ దగ్గరలో చూపించడమే మందు.

పరిచే రాయి సంగతి: నునుపు గ్రానైట్ వద్దు. తాండూరు బండ గరుకు ముఖంతో, లేదా మంటతో గరుకు చేసిన గ్రానైట్ తీసుకోండి. సిమెంటు పేవర్లయితే మనుషులు నడిచే చోట 60 మిల్లీమీటర్లు, వాహనం ఎక్కే చోట 80. ఎంచుకునే ముందు నాలుగు నమూనా ముక్కలు పరిచి, బకెట్ నీళ్లు పోసి, అరిగిపోయిన రబ్బరు చెప్పులతో నడిచి చూడండి. కొత్త బూట్లతో చేసిన పరీక్ష పరీక్ష కాదు.

చూపులేని వారి కోసం వేసే గీతల పలకలు, చుక్కల పలకలు వరుసగా పోయి స్తంభాన్ని గుద్దడం మనకు అలవాటైన దృశ్యం. పలకలు పరిచిన రోజు మేస్త్రీని కళ్లు మూసుకుని కర్రతో నడవమనండి. ఒక్కసారి చాలు.

## 6. సెల్లార్ ర్యాంపు దాటే చోటు

మొత్తం పనిలో ఒకే ఒక్క వివరం మీద పట్టుబట్టే వీలుంటే నేను దీని మీదే పట్టుబడతాను.

ఒక కాంప్లెక్సు ముందు గంటసేపు నిలబడి చూసిన దృశ్యం చెబుతాను. కాలిబాట ర్యాంపు దగ్గర తెగిపోయింది. రెండు చేతుల్లో కూరగాయల సంచులున్న పెద్దావిడ అంచున ఆగింది. కిందికి చూసింది. అంచు జానెడు పైనే. ఒక సంచి నేల మీద పెట్టి, స్తంభం పట్టుకుని ముందు కుడి కాలు దించింది, తర్వాత ఎడమ కాలు, తర్వాత సంచి. అంతలో కింది నుంచి కారు పైకి వచ్చింది. ఏటవాలు మీద ఉన్న డ్రైవరుకు బానెట్ ముందు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి ఎక్కలేదు, ముందుకూ పోలేదు. ఆ గంటలో అలా దిగి ఎక్కినవాళ్లు పదుల్లో ఉన్నారు. మిగతావాళ్లు అసలు కాలిబాట ఎక్కకుండా రోడ్డు మీదే నడిచారు.

సరిచేసే పద్ధతి:

1. కాలిబాట ఎత్తు మారకూడదు, రాయి మారకూడదు. మనిషి దిగడం కాదు, కారు ఎక్కాలి. రోడ్డు నుంచి కాలిబాట ఎత్తుకు ఎక్కే చిన్న వాలు, చెట్ల పట్టీ వెడల్పులోనే ముగియాలి.
2. సెల్లార్ ఏటవాలు కాలిబాటకు ముందే ఆగిపోవాలి. ఒక కారు పొడవు, 5 నుంచి 6 మీటర్లు, సమతలం వదలండి. కారు అక్కడ తిన్నగా నిలబడితేనే డ్రైవరుకు మనిషి కనిపిస్తాడు.
3. ర్యాంపు గోడలు చివరి 2 మీటర్లలో మోకాలి ఎత్తుకు మించకూడదు. అక్కడ మొక్కల తొట్టెలు, అద్దె బోర్డులు పెట్టనివ్వకండి.
4. నోరు ఎంత ఇరుకైతే అంత మంచిది. నియమం అడిగిన వెడల్పు మాత్రమే.
5. కూడలి మూలకు దూరంగా, చిన్న రోడ్డు మీద పెట్టండి. మన సైటులో దక్షిణపు రోడ్డు మీద, మూల నుంచి 30 మీటర్లు లోపలికి.

కాలిబాట కిందికి దిగక తప్పని చోట వాలు 1:12 మించకూడదు. 15 సెంటీమీటర్ల అంచుకు 1.8 మీటర్ల వాలు కావాలన్నమాట. ఆ పొడవు లేదని 60 సెంటీమీటర్లలో వాలు కట్టి 'వికలాంగుల ర్యాంపు' అని పేరు పెట్టకండి. అది చక్రాల కుర్చీని తిరగేసే యంత్రం.

## 7. మట్టి: సెల్లార్ కప్పు మీద చెట్టు నిలవాలంటే

యార్డు కింద సెల్లార్ ఉంటే చెట్టుకు మిగిలేది తొట్టె మాత్రమే. గడ్డికి 30 సెంటీమీటర్ల మట్టి చాలు, పొదలకు 60, నీడ ఇచ్చే చెట్టుకు మీటరు నుంచి 1.2 మీటర్లు. తడిసిన మట్టి ఘనపు మీటరు దాదాపు 2 టన్నులు తూగుతుంది. అంటే చెట్టు ఉన్న చోట స్లాబ్ మీద ప్రతి చదరపు మీటరుకు 2 టన్నులకు పైగా బరువు. కార్లు నిలిపే మామూలు స్లాబ్ అందులో పావు వంతుకు కూడా లెక్కకట్టి ఉండదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ మాట పునాదికి ముందు చెప్పాలి. స్లాబ్ పోశాక చెబితే ఆయన ఇచ్చే జవాబు ఒకటే: 30 సెంటీమీటర్లు, గడ్డి.

ఇంతకంటే తేలిక ఉపాయం సెల్లార్‌ను వెనక్కి లాగడం. 607 చదరపు మీటర్ల యార్డులో 200 చదరపు మీటర్ల కింద సెల్లార్ లేకుండా చూడండి. తిరిగే దారితో కలిపి కారుకు 28 చదరపు మీటర్లు అనుకుంటే, అంతస్తుకు ఏడు కార్ల చోటు పోతుంది. బిల్డరుకు చేదు వార్తే. కానీ పెద్ద చెట్లన్నీ ఆ 200 చదరపు మీటర్లలో సొంత నేలలో పెరుగుతాయి, ఆ భాగం కింద జలనిరోధం, డ్రైన్ పొరల ఖర్చు కూడా తప్పుతుంది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

కప్పు మీద వేసే భాగానికి కింది నుంచి పొరల వరుస: 1:100 వాలుతో స్లాబ్, జలనిరోధక పూత, వేళ్లను ఆపే పొర, నీరు పారే కంకర లేదా ప్లాస్టిక్ డ్రైన్ పలక, వడకట్టే గుడ్డ, ఆపైన మట్టి. పూత వేశాక నీళ్లు కట్టి మూడు రోజులు వదిలేసి, కింద సెల్లార్‌లో తడి వెతకండి. మట్టి పోశాక కారడం మొదలైతే తోట మొత్తం తవ్వాల్సిందే.

కాలిబాట చెట్లకు పాదు కనీసం 1.5 మీటర్ల చదరం, మీటరు లోతు. అడుగున నిర్మాణ చెత్త, సిమెంటు ముద్దలు లేకుండా తీయించాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక, గుప్పెడు వేపపిండి. మొదలు చుట్టూ సిమెంటు రానివ్వకండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు పగలగొట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించాల్సి వచ్చింది. మీరు ముందే వదిలేస్తే పగలగొట్టే కూలీ మిగులుతుంది.

## 8. ఏ చెట్టు?

నర్సరీవాడు ఏది చవకగా ఉంటే అది పంపుతాడు. జాబితా మీ చేతిలో ఉండాలి.

కానుగ నా మొదటి ఎంపిక. ఆకు రాల్చినా ఏప్రిల్ కల్లా కొత్త చిగురుతో నిండిపోతుంది, మేలో చిక్కటి నీడ ఇస్తుంది. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది కానీ ఏడాదంతా పచ్చగా ఉంటుంది, కూర్చునే చోటుకు బాగుంటుంది. వేప మంచిదే, అన్నీ వేపే వద్దు. 2021లో తెలంగాణలో వేపకొమ్మలు వరసగా ఎండిపోవడం చూశాం కదా. ఒకే జాతి వేస్తే ఒకే తెగులుకు అన్నీ పోతాయి. మూడు నాలుగు జాతులు కలపండి.

తురాయి పూస్తే కన్నుల పండుగ. కానీ వేళ్లు పైపైన, కొమ్మలు పెళుసు. గాలివానకు కార్ల మీద పడేది అదే. యార్డు నడుమ ఒకటి చాలు, పార్కింగ్ పక్కన వద్దు. నేరేడు పండ్లు రాలి బండలు ఊదారంగుకు తిరుగుతాయి, మట్టి నేల మీద మాత్రమే వేయండి. ఏడాకుల పాల పూసినప్పుడు వాసన ఘాటు, కిటికీల కింద వేస్తే ఫిర్యాదులు తప్పవు. రావి, మర్రి సెల్లార్ గోడ దగ్గర అసలే వద్దు. కోనోకార్పస్ వేగంగా పచ్చబడుతుంది, అందుకే కాంట్రాక్టర్లకు ఇష్టం. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. వేళ్లు పైపుల్లోకి, డ్రైన్లలోకి వెళ్తాయన్నది అందులో ఒక కారణం.

చెట్టుకు చెట్టుకు మధ్య 6 నుంచి 8 మీటర్లు. మనిషి ఎత్తు దాటిన మొక్క కొనండి, చిటికెన వేలంత కాండం ఉన్నది కాదు. ఇప్పటికే స్థలంలో ఉన్న చెట్లను సర్వే మొదటి రోజే మ్యాపులో గుర్తించండి. కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి సంగతి అటుంచి, ముప్పై ఏళ్ల చెట్టును ఏ నర్సరీ అమ్మదు.

ఇంకో హెచ్చరిక. ఫైరింజను తిరిగే 6 మీటర్ల దారి, దాని మలుపులు మొదటి డ్రాయింగ్‌లోనే గుర్తించి, చెట్ల కొమ్మలు రేపు ఎంత విస్తరిస్తాయో కూడా గీయండి. ఇది చూసుకోక, అగ్నిమాపక తనిఖీకి ముందు రోజు రాత్రి రెండేళ్ల చెట్లు నరికించినవాళ్లు నాకు తెలుసు.

## 9. వాన నీళ్లు

గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 607 చదరపు మీటర్ల యార్డు మీద పడేది 30 వేల లీటర్లు. యార్డులో 150 చదరపు మీటర్ల భాగాన్ని చుట్టుపక్కల కంటే 20 సెంటీమీటర్లు పల్లంగా చేస్తే ఆ నీరంతా అందులో ఆగుతుంది. అంతే, పెద్ద ఇంజనీరింగ్ ఏమీ లేదు. మామూలు రోజుల్లో అది గడ్డి నేలే, పిల్లలు ఆడుకుంటారు.

పల్లం చేసే ముందు నేల నీటిని తాగుతుందో లేదో చూడండి. అడుగు లోతు గుంత తీసి, రెండుసార్లు నీళ్లు నింపి ఇంకనివ్వండి. మూడోసారి నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. 2.5 సెంటీమీటర్లు దిగితే పర్వాలేదు. నల్లరేగడి అయితే అడుగున కంకర, చిల్లుల పైపు వేసి బయటికి తీయాలి. నీరు ఒక రోజుకు మించి నిలవకూడదు, లేకపోతే దోమల మీద మొదలైన గొడవ పల్లాన్ని మట్టితో పూడ్చేదాకా ఆగదు.

మేడ మీది నీటిని ఇందులో కలపకండి. దానికి ఇంకుడు గుంతలు వేరే ఉండాలి. యార్డు నేల మట్టం మాత్రం కాలిబాట కంటే కిందే ఉంచండి. ఎత్తు తొట్టెలు కట్టి వాటిలో గడ్డి పెంచితే వాన తర్వాత బురదంతా నడిచే బండ మీదికే వస్తుంది.

## 10. కూర్చోవడం, వెలుతురు, బండ్లు

నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఓ ఆఫీసు ప్రాంగణంలో నల్ల గ్రానైట్ బెంచీలు వరసగా వేయించాను, డ్రాయింగ్‌లో ముచ్చటగా ఉన్నాయి. ఏప్రిల్లో వెళ్లి చూస్తే ఒక్కరూ కూర్చోలేదు. అందరూ ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడ నీడలో, పగిలిన సిమెంటు దిమ్మె మీద టీ తాగుతున్నారు. బెంచీ మీద చెయ్యి పెట్టాను, వెంటనే తీశాను. ఆ తర్వాత నుంచి బెంచీ చోటు నిర్ణయించే ముందు అక్కడ మధ్యాహ్నం 3 గంటలకు పది నిమిషాలు నిలబడుతున్నాను.

బెంచీ ఎత్తు 45 సెంటీమీటర్లు. వాటిలో సగానికైనా వీపు ఆన్చే చెక్క, లేవడానికి పట్టుకునే చేతులు ఉండాలి. నల్లరాయి, ఇనుము వద్దు. చెట్టు చుట్టూ అరుగు అన్నిటికన్నా బాగా నడుస్తుంది. మన ఊళ్లలో రచ్చబండ నేర్పింది అదే. నడకదారి వైపు ముఖం పెట్టి వేయండి, మనుషులు మనుషుల్ని చూడటానికే కూర్చుంటారు.

దీపాలు 4 మీటర్ల స్తంభాల మీద, కొమ్మల కింద ఉండాలి. 9 మీటర్ల వీధి దీపం చెట్టు పైన వెలుగుతుంది, కింద చీకటి మిగులుతుంది.

మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి లేకపోతే ఆడవాళ్లు, పెద్దవాళ్లు అరగంటకు మించి ఉండరు. తోవ నోట్లో, దుకాణాల వరసలోనే పెట్టండి, మూల మీద కాదు.

బజ్జీల బండి, చెరుకురసం బండి వస్తాయి. రావద్దని గోడ కట్టినా గోడ పక్కనే నిలబడతాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్ల జీవనాధారానికి రక్షణ ఇస్తోంది కూడా. చెట్ల పట్టీని ఒక చోట 2 మీటర్ల వెడల్పు చేసి నాలుగు బండ్లకు చోటు, ఒక నీటి కుళాయి, ఒక డ్రైన్ జాలీ, చెత్త డబ్బా ఇవ్వండి. సాయంత్రం యార్డుకు వాచ్‌మన్ కంటే వాళ్లే పెద్ద కాపలా.

## 11. పనుల వరుస

- సెల్లార్ తవ్వకానికి ముందు: ఉంచే చెట్ల చుట్టూ కొమ్మలు పరచుకున్నంత మేర కంచె. పై అడుగు మట్టి తీసి పక్కన కుప్ప. అది బంగారం, లారీలో పంపేయకండి.
- స్లాబ్ స్థాయిలో: యార్డు భాగం బరువు లెక్క, డ్రైన్ పైపులు, మూడు రోజుల నీటి పరీక్ష.
- పైన భవనం లేస్తుండగా: ట్రాఫిక్ పోలీసులకు, మునిసిపాలిటీకి పెద్ద రోడ్డు దాటే చోటు గురించి లేఖ. పెద్దవాళ్లు సెకనుకు 0.8 మీటర్లు నడుస్తారనుకుంటే రోడ్డులో వాహనాలు నడిచే 14 మీటర్ల వెడల్పుకు 17 సెకన్లకు పైగా పడుతుంది. మధ్యలో ఆగే దిమ్మె అడగండి.
- భూగర్భ కేబుళ్లు, నీటి పైపులు అన్నీ వేశాకే కాలిబాట రాయి. ముందు పరిస్తే రెండుసార్లు తవ్వుతారు.
- తొలకరి పడ్డాక, జూన్ చివర లేదా జులైలో, చెట్లు. మార్చిలో ప్రారంభోత్సవం ఉందని ఫిబ్రవరిలో నాటితే మేలో చచ్చిన కర్రలు పీకాలి.
- చివరగా గడ్డి.

## 12. ఇప్పటికే కట్టేశారా? ఈ దిద్దుబాట్లు

జనం గడ్డి మీద దారి తొక్కారు: 'గడ్డి తొక్కరాదు' బోర్డు తీసేసి, తొక్కిన గీత మీదే రాళ్లు పరవండి. వాళ్లు మీకు ఉచితంగా సర్వే చేసి పెట్టారు.

సెల్లార్ కప్పు మీద చెట్లు గిడసబారాయి: మట్టి పెంచే వీలుండదు. స్తంభాల నెత్తిన బరువు ఆగుతుందేమో ఇంజనీరుతో లెక్క కట్టించి, అక్కడ పెద్ద తొట్టెలు పెట్టండి. మిగతా చోట పందిరి వేసి మాలతి, రాధామనోహరం పాకించండి, రెండు మూడేళ్లలో నీడ వస్తుంది.

యార్డు పడమర వైపు పడిపోయింది: పడమటి అంచున కానుగలు వరసగా, దగ్గర దగ్గరగా. అవి ఎదిగేదాకా గుడ్డ పందిరి.

కాలిబాట ర్యాంపు దగ్గర తెగింది: ఒక్క వారాంతంలో కాంక్రీటు పోసి ఎత్తు కలపవచ్చు. ఈ జాబితాలో అతి చవకైన, అతి ఎక్కువమందికి పనికొచ్చే పని ఇదే.

లోపలి దుకాణాలు ఖాళీగా ఉన్నాయి: మొదటి ఏడాది టిఫిన్ సెంటర్‌కు, జిరాక్స్ షాపుకు, మందుల దుకాణానికి తక్కువ అద్దెకు ఇవ్వండి. పొద్దున నుంచి రాత్రి దాకా మనుషుల్ని తెచ్చే దుకాణాలవి.

## 13. మొదటి రెండేళ్లు

అప్పగింత పత్రంలో చెట్ల సంఖ్య, జాతులు, ఫోటోలు, నీటి వాల్వుల మ్యాపు ఉండాలి. తోటమాలి జీతం నిర్వహణ బడ్జెట్‌లో విడి పద్దుగా రాయండి, 'ఇతరాలు'లో కలిపితే మొదటి కోత అక్కడే పడుతుంది. చచ్చిన చెట్టు స్థానంలో కొత్తది నాటే బాధ్యత రెండేళ్లు కాంట్రాక్టరుదే అని రాయించుకోండి, చివరి బిల్లులో కొంత ఆపి ఉంచండి.

మొదటి ఎండాకాలం చెట్టుకు రెండు రోజులకోసారి 20 లీటర్లు, నెమ్మదిగా. పాదులో ఎండు ఆకులు పరచండి. కింది కొమ్మలు ఒక్కసారిగా కొట్టకుండా ఏడాదికి కొన్ని చొప్పున తీస్తూ 2.2 మీటర్ల ఎత్తు దాకా పోనివ్వండి. ఊతకర్రకు కట్టిన తాడు ఆరు నెలలకోసారి సడలించండి. రెండో వానాకాలం తర్వాత కర్ర తీసేయాలి. మరిచిపోతే తాడు బెరడులోకి దిగి, కాండం అక్కడే విరుగుతుంది.